అందినట్టు మళ్ళీ రాయొద్దు

గుంటూరు బ్రాడీపేటలో అడ్రస్ అంటే రెండంకెలు, అంతే. ముందు లైను నంబరు, తర్వాత అడ్డరోడ్డు నంబరు. రిక్షా ఎక్కి "నాలుగు బై ఏడు" అంటే ఇంకో ముక్క అడక్కుండా నాలుగో లైను ఏడో అడ్డరోడ్డు మొగలో దింపేవాడు. అమ్మమ్మా వాళ్ళిల్లు బ్రాడీపేటలోనే, సెలవులిస్తే చాలు మేం పిల్లలమంతా అక్కడే, మా తాతయ్యకి ఆ రెండంకెలంటే ఎంత ఇష్టమో ఇప్పుడు తల్చుకున్నా నవ్వొస్తుంది. ఆయన ఆర్ఎంఎస్‌లో సార్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఈ తరం పిల్లలకి తెలీదేమో, ఆర్ఎంఎస్ అంటే రైల్వే మెయిల్ సర్వీస్, రైల్లో ఒక పెట్టె వీళ్ళకే ఇచ్చేవాళ్ళు, బండి ఊగుతుంటే రాత్రంతా నిలబడి ఒక్కో ఉత్తరం మీద ఊరి పేరు చూసి అరల్లోకి వేస్తూ, కట్టలు కట్టి, సంచుల్లో పెట్టి, లక్క సీలేసి, స్టేషన్ వచ్చేసరికి దించడం. జీవితమంతా వేరేవాళ్ళ ఉత్తరాలు లోపల ఏముందో చూడకుండా చేరవేసిన మనిషి. అందుకేనేమో ఎవరికేం తెలుసు, ఎవరికి తెలిసిందని ఎవరికి తెలుసు అనే విషయం మీద ఆయనకంత ధ్యాస.

1983 ఎండాకాలం, నాకు 11 ఏళ్ళు. మధ్యాహ్నం కరెంటు పోయింది, గచ్చు మీద నీళ్ళు చల్లి తుడిచి ఆ చల్లదనంలోనే పడుకున్నాం నేనూ అక్కా. అక్క అంటే పెద్దమ్మ కూతురు, నాకన్నా ఏడేళ్ళు పెద్ద. అమ్మమ్మ గోడకి ఆనుకుని గోంగూర వలుస్తోంది. తాతయ్య పాత ఎంఓ (మనియార్డర్) ఫారం వెనకాల ఏవో అడ్రస్‌లు రాసుకుని పైకి చదివాడు. రెండో లైన్లో 2/3, 2/7, 2/10, 2/12. నాలుగో లైన్లో 4/5, 4/7. ఐదో లైన్లో 5/3, 5/5, 5/10. మొత్తం తొమ్మిది. "వీటిల్లో ఒకటి నా ఫ్రెండు ఇల్లు, వాళ్ళ పెరట్లో జామచెట్టుంది, కాయలు ఇంతింత ఉన్నాయి, కనిపెడితే సాయంత్రం తీసుకెళ్తా" అన్నాడు. నా చెవిలో లైను నంబరు చెప్పాడు. అక్క చెవిలో అడ్డరోడ్డు నంబరు చెప్పాడు. ఒకళ్ళ నంబరు ఇంకొకళ్ళకి చెప్పకూడదు, తెలిసిందా లేదా అన్నది మాత్రం గట్టిగా చెప్పాలి.

నా చెవిలో చెప్పింది నాలుగు. నాకు తెలీదు అన్నా. "నీకు తెలీదు సరే, అక్కకి తెలిసే అవకాశం ఉందా చెప్పు" అన్నాడు. ఆ ప్రశ్న నన్నెవరూ అంతకుముందు అడగలేదు. నాకు తెలుసా తెలీదా అని అడిగేవాళ్ళు బళ్ళో, ఇంట్లో, అందరూ. పక్కవాళ్ళకి తెలుసా అని నన్నడగడం ఏంటి? కాగితం చూస్తూ కూర్చున్నా. చాలాసేపటికి తట్టింది, అడ్డరోడ్లల్లో 12 ఒక్కటే ఒక్కసారి వచ్చింది, మిగతావన్నీ రెండేసిసార్లున్నాయి, అంటే అక్క చెవిలో 12 చెప్పుంటేనే తనకి వెంటనే తెలిసేది, ఆ 12 రెండో లైన్లో ఉంది, నాది నాలుగు, కాబట్టి అక్కకి తెలిసే ఛాన్సే లేదు. "అక్కకీ తెలీదు, ఖాయంగా తెలీదు" అని అరిచా. అక్క వెంటనే లేచి కూర్చుంది. "ఇందాకటిదాకా తెలీదు తాతయ్యా, వీడా మాట అన్నాక తెలిసింది" అంది. నాకు ఒళ్ళు జలదరించింది, నేనేం చెప్పానని? తెలీదనే కదా చెప్పింది! మళ్ళీ కాగితం చూశా. నేనలా అన్నానంటే నాది రెండో లైను కాదని అక్కకి అర్థమైపోయింది. నాలుగో ఐదో మిగిలాయి. అక్కది 5 అయితే 4/5, 5/5 రెండూ ఉన్నాయి కాబట్టి ఇప్పటికీ తేలదు, తేలిందంటోంది కాబట్టి 5 కాదు, నా లైన్లో మిగిలింది ఏడే. "నాకూ తెలిసింది!"

మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని పైకి చెప్పేలోపు అమ్మమ్మ గోంగూర మీంచి తల ఎత్తకుండా "నాలుగు బై ఏడేనా?" అంది.

ఆవిడ చెవిలో ఎవరూ ఏ నంబరూ చెప్పలేదు. తొమ్మిది అడ్రస్‌లు విన్నది, మా మూడు మాటలు విన్నది, అంతే. నాది ఐదో లైనైతే 5/3, 5/10 రెండూ మిగిలేవి, నాకు తెలిసేదే కాదు, తెలిసిందన్నాను కాబట్టి నాలుగో లైను, అలా పట్టేసింది. తాతయ్య ఎంఓ ఫారం మడిచి జేబులో పెట్టుకుని "ఈ ఇంట్లో సార్టర్ని నేను కాదురా" అన్నాడు. సాయంత్రం జామకాయలకి అమ్మమ్మనీ తీసుకెళ్ళాం.

2015 ఏప్రిల్‌లో సింగపూర్ నుంచి ఒక లెక్క వచ్చి ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా, షెరిల్ పుట్టినరోజు ఎప్పుడు అని, పది తేదీలిచ్చి ఒకడికి నెల చెప్పి ఇంకొకడికి తారీఖు చెప్పి. అక్కడి స్కూలు పిల్లల మ్యాథ్స్ ఒలింపియాడ్‌లో ఇచ్చిన ప్రశ్న అది, జవాబు జూలై 16. ఆఫీసులో అందరూ తలలు పట్టుకుంటే నాకు మాత్రం గచ్చు చల్లదనం, గోంగూర వాసన గుర్తొచ్చాయి. రాత్రి అక్క నుంచి మెసేజ్, "చూశావా, అమ్మమ్మైతే గోంగూర వలిచేలోపు చెప్పేసేది" అని.

జామకాయల సంగతి సరే, అసలు నా మనసులో ఉండిపోయింది ఆ తర్వాత భోగి. 1984. తెల్లారుజామున నాలుగింటికి లేపేవాళ్ళు, గుంటూర్లో ఉన్న కాస్త చలీ ఆ నాలుగు రోజులే ఉంటుంది, పిడకల దండలు వేసి, విరిగిన పీటలూ తాటాకులూ వేసి ఇంటి ముందు మంట. చుట్టూ ఐదుగురం పిల్లలం, నేను, అక్క, తమ్ముడు, మావయ్య పిల్లలు బావా మరదలూ. తాతయ్య అందర్నీ కళ్ళు మూసుకోమన్నాడు. ఒక్కొక్కళ్ళ నుదుటి మీద వేలు పెట్టి వెళ్ళాడు. బొటనవేలికి బొగ్గు మసి, చిటికెనవేలు శుభ్రంగా ఉంది, ఎవరికి ఏ వేలు పెట్టాడో మనకి తెలీదు. కళ్ళు తెరిచాక ఎదుటివాళ్ళ నుదురు కనపడుతుంది, మనది కనపడదు. చేత్తో తడుముకోకూడదు, సైగ చెయ్యకూడదు. "మీలో కనీసం ఒక్కళ్ళకి మసి ఉంది. నేను చప్పట్లు కొడతా. నాకు మసి ఉంది అని ఖాయంగా తెలిసినవాళ్ళు అడుగు ముందుకెయ్యండి. తెలీకపోతే కదలొద్దు."

మొదటిసారి తమ్ముడొక్కడికే పెట్టాడు. వాడికి ఆరేళ్ళు. చుట్టూ చూశాడు, ఎవరికీ లేదు, మొదటి చప్పట్లకే గెంతాడు. అది అందరికీ అర్థమైంది.

రెండోసారి కళ్ళు తెరిస్తే నాకు మరదలి నుదుటి మీద మాత్రమే కనిపించింది. సరే, ఇప్పుడు ఇది గెంతుతుంది అనుకున్నా. చప్పట్లు. కదల్లేదు. ఎందుకు కదల్లేదు, మొద్దా, అందరివీ శుభ్రంగా ఉన్నాయిగా, నీదే కదా అనుకుంటూ దాని మొహంలోకి చూస్తే అది నా నుదుటినే చూస్తోంది. అప్పుడు తెలిసింది. అది కదల్లేదంటే దానికెవరిదో మసి కనపడుతోంది, మిగతా ముగ్గురివీ నాకు కనిపిస్తూనే ఉన్నాయి, ఏమీ లేదు, ఇంక మిగిలింది నేనే. రెండో చప్పట్లకి ఇద్దరం ఒకేసారి అడుగేశాం. వాళ్ళు నోరు తెరవకుండా ఊరికే నిలబడటమే నాకు జవాబు చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఒక్క క్షణం నాకు గుర్తుంది, మంట చిటపటలు, మరదలి మొహం మీద వెలుగు.

మూడోసారి నేను, అక్క, బావ. మొదటి చప్పట్లు, ఎవరూ కదల్లేదు. రెండోది, కదల్లేదు. నాకు వాళ్ళిద్దరిదీ కనిపిస్తోంది, వాళ్ళిద్దరికే అయితే ఇందాక నేనూ మరదలూ చేసినట్టే రెండో చప్పట్లకి వచ్చెయ్యాలి, రాలేదు, అంటే వాళ్ళకి మూడోవాళ్ళు కనిపిస్తున్నారు. మూడో చప్పట్లకి ముగ్గురం ముందుకొచ్చాం. తాతయ్య మొహం చూడాలి అప్పుడు.

నేనిక్కడ ఒక ప్రశ్నడిగా, దానికి నేనిప్పటికీ గర్వపడతా. "తాతయ్యా, ముగ్గురికి మసి ఉన్నప్పుడు ప్రతివాళ్ళకీ కనీసం ఇద్దరు కనపడుతున్నారు గదా. కనీసం ఒక్కళ్ళకి ఉంది అని నువ్వు చెప్పేదేంది, మాకు తెలుసుగా?" తాతయ్య ఏం మాట్లాడకుండా అందరి మొహాలూ తుడిచి మళ్ళీ వేళ్ళు పెట్టాడు. ఈసారి ఆ మాట చెప్పలేదు. చప్పట్లు మాత్రం కొట్టాడు. ఒకటి, రెండు, మూడు... పదిసార్లు కొట్టాడు. ఎవరూ కదల్లేదు. కదలడానికి ఆధారమే లేదు. మంట కూడా తగ్గిపోయింది, అమ్మమ్మ తలంట్లకి రమ్మని కేకేసింది.

నలుగు పెడుతుంటే కళ్ళు మండుతున్నా నా బుర్ర దాని మీదే. మసి ఇద్దరికే ఉందనుకుందాం, నాకూ అక్కకీ. నాకు అక్కది కనపడుతుంది, అక్కకి నాది, ఎవరో ఒకరికి ఉందని ఇద్దరికీ తెలుసు. కానీ అక్కకి ఆ సంగతి తెలుసని నాకు తెలీదు, ఎందుకంటే నాది శుభ్రంగా ఉండుంటే అక్కకి ఎవరిదీ కనపడనట్టేగా. తాతయ్య పైకి చెప్పినప్పుడు ఆ పొర తెగింది. ముగ్గురైతే ఇంకో పొర ఎక్కువ, అక్కకి తెలుసని నాకు తెలుసు, ఎందుకంటే బావది తనకి కనపడుతోంది, కానీ బావకి తెలుసని అక్కకి తెలుసా అంటే నేను చెప్పలేను. అందరికీ తెలిసిన మాటే, అందరూ వింటుండగా ఒకసారి చెబితే ఆ పొరలన్నీ ఒక్కసారే పోతాయి. ఇదంతా ఆ రోజే ఇంత శుభ్రంగా అర్థమైందని చెప్పను, పక్కింటి నూతి గట్టు మీద కూర్చుని బావా నేనూ రెండ్రోజులు కొట్టుకున్నాం దీని గురించి.

ఇది ఆయనకెక్కడ దొరికిందో. మాచర్ల వైపు మీటర్ గేజ్ బొగ్గింజన్ బండిలో ముగ్గురు ఆడవాళ్ళు కిటికీ పక్కన కూర్చుని, ముగ్గురి మొహాలకీ మసంటుకుని, ముగ్గురూ నవ్వుకుంటున్నారని, వాళ్ళలో ఒకావిడ టక్కున నవ్వాపేసిందని, ఎందుకు ఆపింది చెప్పండి అని కథ కూడా చెప్పేవాడు. పక్కావిడ ఎదుటావిణ్ణి చూసి నవ్వుతోంది, ఎదుటావిడ నవ్వుతున్నది తనని చూసి కాదని ఎందుకనుకుంటోంది, నా మొహం శుభ్రంగా ఉండుంటే ఈపాటికి ఆవిడకి తెలిసిపోయేదే, అంటే నాకూ ఉంది! చాలా ఏళ్ళ తర్వాత వాల్తేరులో చదువుకునేటప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో లిటిల్‌వుడ్ అనే ఇంగ్లండ్ గణితవేత్త 1953లో వేసిన పుస్తకం తిరగేస్తుంటే మొదటి పేజీల్లోనే రైలు పెట్టెలో మసిమొహాల ముగ్గురు ఆడవాళ్ళు కనిపించారు. పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయా. ఇంగ్లండ్ రైలు మాచర్ల బండిగా మారి బ్రాడీపేట దాకా ఎట్టా వచ్చిందో, రాత్రి డ్యూటీలో తోటి సార్టరెవరన్నా చెప్పుంటారు.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. తనని అడిగే రాస్తున్నా.

అక్క డిగ్రీ అయ్యాక నరసరావుపేట నుంచి ఉత్తరాలు వచ్చేవి. వెనక ఫ్రం అడ్రస్‌లో ఆడపిల్ల పేరుండేది. ముప్ఫై ఏళ్ళు చేతిరాతలు చూసిన మనిషికి అది ఆడపిల్ల రాత కాదని తెలీదా? తాతయ్యకి తెలుసు. పోస్ట్‌మ్యాన్ చేతిలోంచి అందుకునేది అమ్మమ్మ, ఆవిడకి తెలుసు. పెద్దమ్మకి ట్రంకుపెట్టెలో చీరల అడుగున కట్ట దొరికింది, చూసి మళ్ళీ అక్కడే పెట్టేసింది. పెదనాన్న అరండల్‌పేట ఓవర్ బ్రిడ్జి దగ్గర ఇద్దర్నీ చూసి సైకిల్ వెనక్కి తిప్పుకున్నాడు. జవాబులు తీసుకెళ్ళి ఎర్ర డబ్బాలో వేసేది నేను. ఇంత మందికి తెలుసు, కానీ పెద్దమ్మకి తెలిస్తే తట్టుకోలేదని పెదనాన్న, ఆయనకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడని పెద్దమ్మ, ముసలాళ్ళకి తెలీనివ్వకూడదని ఇద్దరూ. ఆ ఇంట్లో ఏడాదిన్నర ఎవరూ ఎవరి మొహంలోకీ సరిగ్గా చూడలేదు. సంబంధాలు వస్తుంటే ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపేవాళ్ళు, అదీ ఒకళ్ళకి తెలీకుండా ఇంకొకళ్ళు.

1987 భోగి. మంట దగ్గర చిన్నపిల్లలకి తాతయ్య ఎప్పట్లా మసి ఆట ఆడించాడు. పెద్దవాళ్ళు కాఫీ గ్లాసులతో చుట్టూ నిలబడ్డారు. ఆట అయ్యాక తాతయ్య బొటనవేలు తువ్వాలుకి తుడుచుకుంటూ, "పెద్దవాళ్ళకి కూడా ఒకటి చెబుతున్నా. ఈ ఇంట్లో ఒక పిల్లకి సంబంధం వెతికే పనిలేదు" అన్నాడు. పేరు చెప్పలేదు. ఊరు చెప్పలేదు. అక్కడున్నవాళ్ళలో ఒక్కళ్ళకి కూడా తెలీని సంగతి కాదది. కానీ ఆ మాట అయ్యాక నాకేం తెలీదన్నట్టు ఉండటం ఎవరివల్లా కాలేదు. పెద్దమ్మ పెదనాన్న వైపు చూసింది, ఆయన అప్పటికే ఆవిడ వైపు చూస్తున్నాడు. అక్క మంటలోకి చూస్తూ ఉండిపోయింది.

భోగి రోజంతా పెదనాన్న మాట్లాడలేదు. సంక్రాంతి రోజూ మాట్లాడలేదు. కనుమ నాడు గారెలు తిని చెయ్యి కడుక్కుంటూ, ఎవర్నీ చూడకుండా, "ఆ అబ్బాయిది నరసరావుపేటేనా, చుట్టుపక్కల పల్లెటూరా?" అన్నాడు. బావ నా వైపు చూశాడు. మూడో చప్పట్లు! నవ్వు ఆపుకోలేక ఇద్దరం పెరట్లోకి పరిగెత్తాం. వైశాఖంలో పెళ్ళి.

ఆ తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది దీనికి పెద్ద శాస్త్రమే ఉందని. 1969లో డేవిడ్ లూయిస్ అనే ఫిలాసఫర్, అందరికీ తెలుసన్న సంగతి కూడా అందరికీ తెలిసి ఉండటాన్ని కామన్ నాలెడ్జ్ అని విడదీసి చెప్పాడు, 1976లో రాబర్ట్ ఆమన్ అనే గణితవేత్త దాన్ని లెక్కల్లోకి తెచ్చాడు, ఆమన్‌కి గేమ్ థియరీ పనికి 2005లో ఎకనామిక్స్ నోబెల్ కూడా వచ్చింది. ఆ ఇంగ్లీషు పేరు నాకెందుకో నచ్చదు, మనవాళ్ళ మాటలే బాగుంటాయి. భోగికి ముందు మా ఇంట్లో ఉన్నది బహిరంగ రహస్యం. తాతయ్య నోరు తెరిచాక అయింది బట్టబయలు. రెండూ ఒకటి కాదని మన భాషకి ముందే తెలుసు.

1989లో వాల్తేరు హాస్టల్‌కి బయల్దేరుతుంటే తాతయ్య 15 పైసల కార్డులు పాతిక కొనిచ్చాడు. "చేరానని రాయి" అన్నాడు. "అందిందని నువ్వు రాయి" అన్నా. "రాస్తా. నేను రాసింది నీకు అందిందని నాకెట్టా తెలుస్తుంది?" "మళ్ళీ నేను రాస్తా." "అది నాకు అందిందని నీకెట్టా తెలుస్తుంది?" ఇద్దరం నవ్వుకున్నాం కానీ ఆయన నవ్వు మధ్యలో ఆగింది. రిజిస్టర్డ్ ఉత్తరానికి ఎక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఉంటుంది, అవతలివాళ్ళు సంతకం పెడితే తిరిగి మనకొస్తుంది, కానీ ఆ కార్డు తిరిగి చేరిందని అవతలివాడికి చెప్పేదెవరు, దానికి ఇంకో కార్డు కావాలి, ఇట్టా నేను సర్వీసంతా ఆలోచించానురా దీని గురించి, ఎన్ని కార్డులు పెట్టినా చివరి కార్డు అందిందో లేదో అనుమానం మిగిలే ఉంటుంది అన్నాడు. అదే మంట దగ్గర నిలబడి చెబితే ఒక్క మాటతో అయిపోతుంది అని కూడా అన్నాడు.

ఆయన చెప్పింది కంప్యూటర్ సైన్స్‌లో పేరున్న సమస్య అని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. రెండు కొండల మీద రెండు సైన్యాలు, ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుపు, వార్త తీసుకెళ్ళేవాడు మధ్యలో పట్టుబడొచ్చు. ఎన్నిసార్లు కబురు పంపుకున్నా ఖాయంగా ఒక్కమాట మీదకి రాలేరని రుజువు చెయ్యొచ్చు. జిమ్ గ్రే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1978లో దీన్ని ఇద్దరు జనరల్స్ కథగా చెప్పాడు, అంతకుముందు 1975లోనే ముగ్గురు కలిసి రాసిన పేపర్లో ఉంది, ఆ ముగ్గురిలో ఒకాయన పేరు ఏకనాథం. ఆ పేరు చూడగానే మా వీధిలో మనిషిని చూసినట్టనిపించింది. ఇవన్నీ తాతయ్యకి చెప్పే వీల్లేకపోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారన్న వార్త చదివిన రోజు ఇదంతా రాయాలనిపించింది.

హాస్టల్‌కి ఆయన మొదటి కార్డు, ఇప్పటికీ నా దగ్గరుంది, గుండ్రటి అక్షరాలు. "నీ కార్డు అందింది. ఇది అందినట్టు మళ్ళీ రాయొద్దు, దీనికి అంతుండదు." నేను రాశా. దానికీ జవాబొచ్చింది, కింద మళ్ళీ అదే వాక్యం. నాలుగేళ్ళు ఇట్టాగే నడిచింది, ప్రతి కార్డులో రాయొద్దంటాడు, నేను రాస్తా, ఆయన రాస్తాడు. లోపల వేరే విషయాలు పెద్దగా ఉండేవి కావు, మెస్‌లో కూర బాలేదనీ, పెరట్లో కరివేపాకు చిగురేసిందనీ.

1993 ఫిబ్రవరిలో హాస్టల్ ఆఫీసుకి ఫోనొచ్చింది. తాతయ్య నిద్రలోనే పోయాడు. నేనంతకు ఐదు రోజుల ముందు కార్డు వేశా, అది చేరిందో లేదో రైల్లో అంతా అదే ఆలోచన, ఇంకేమీ ఆలోచించలేకపోయా. పెద్దకర్మ అయ్యాక అక్క ఒక కట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది, నా కార్డులన్నీ, ఆర్ఎంఎస్‌లో కట్టినట్టే సుతిలి తాడుతో అడ్డంగా నిలువుగా కట్టి ఉన్నాయి. వచ్చిన ప్రతి ఉత్తరం మీదా అందిన తారీఖు వెయ్యడం ఆయన అలవాటు. కట్ట మీద అన్నిటికన్నా పైనున్నది నా చివరి కార్డే. కుడివైపు మూల పెన్సిల్‌తో, పోవడానికి రెండ్రోజుల ముందు తారీఖు వేసి ఉంది, దాని కింద చిన్నగా "అందింది" అని.